కుండ నుంచి గ్లాసు దాకా: బీరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బీరు చరిత్ర చదవడం, రకరకాల బీర్లు రుచి చూడడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న ఇష్టం. ఈ సంగతి తెలిసినవాళ్లు ఎప్పుడు కలిసినా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఎక్కువమంది అడిగినవి ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నిటికి జవాబు నాలుగు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటికి వేల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

బీరు అంటే అసలేమిటి? వైన్‌కీ దానికీ తేడా ఎక్కడ?

ధాన్యంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, ఆ చక్కెరను ఈస్ట్‌తో పులియబెడితే వచ్చేది బీరు. ద్రాక్షలో చక్కెర ముందే ఉంటుంది. పండ్లను నలిపి వదిలేస్తే చాలు, అక్కడున్న ఈస్టే మిగతా పని చూసుకుంటుంది. బార్లీ గింజ అంత తేలిగ్గా లొంగదు. దాన్ని నానబెట్టి, మొలక తెప్పించి, ఆ మొలక పెరిగిపోకముందే ఆరబెట్టాలి. అలా ఆరబెట్టిన మొలకగింజలనే మాల్ట్ అంటారు. మొలకెత్తేటప్పుడు గింజలో ఎమైలేజ్ అనే ఎంజైములు పుడతాయి. మాల్ట్‌ను పగలగొట్టి, సుమారు 62 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో గంటసేపు ఉంచితే అవి పిండిని చక్కెరగా విడగొడతాయి. ఆ తియ్యటి నీటిని వడకట్టి, హాప్స్ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది.

పండ్లరసం దానంతటదే పులిసి వైన్‌లాంటిది అయిపోవచ్చు. బీరు కావాలంటే మాత్రం మనుషులు పూనుకోవాలి. కోయాలి, నానబెట్టాలి, కాయాలి, కాచుకుని కూర్చోవాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకేనేమో, బీరు గురించి దొరికిన ప్రతి పాత ఆధారంలోనూ పదిమంది కనిపిస్తారు.

మనిషి మొట్టమొదట బీరు ఎప్పుడు తాగాడు?

ఇజ్రాయెల్‌లోని హైఫా నగరం దగ్గర రాకెఫెట్ అనే గుహ ఉంది. అక్కడ సుమారు 13,000 ఏళ్ల నాటి రాతి రోళ్లలో ధాన్యం పులియబెట్టిన ఆనవాళ్లు ఉన్నాయని పరిశోధకులు 2018లో ప్రకటించారు. దీన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. అది నిజమే అయితే వ్యవసాయం మొదలవకముందే, అడవి గింజలు ఏరుకునే రోజుల్లోనే మనిషి బీరు కాచాడన్నమాట. ఆ గుహ ఒక శ్మశానం కూడా. చనిపోయినవాళ్లను సాగనంపడానికి నలుగురూ చేరినచోట ఈ పానీయం ఉండి ఉండొచ్చన్న ఊహ నన్ను ఎప్పుడూ వదలదు.

చైనాలోని జియాహులో దాదాపు 9,000 ఏళ్ల నాటి కుండల్లో బియ్యం, తేనె, పండ్లు కలిపి పులియబెట్టిన పానీయం జాడలు దొరికాయి. అది పూర్తిగా బీరూ కాదు, పూర్తిగా వైనూ కాదు. బార్లీ బీరుకు స్పష్టమైన రసాయన ఆధారం ఇరాన్‌లోని గోదిన్ తెపెలో దొరికిన కుండ పెంకు. క్రీ.పూ. 3500 - 3100 మధ్య కాలానిది. బీరు నిలవ ఉన్న పాత్రల అడుగున కాల్షియం ఆక్సలేట్ గారలా పేరుకుంటుంది. ఆ గారే ఈ పెంకు గాట్లలోనూ కనిపించింది.

మనిషి వ్యవసాయం మొదలుపెట్టింది రొట్టె కోసమా, బీరు కోసమా?

1950లలో మొదలైన ఈ చర్చ ఇంకా తెగలేదు. గింజను నూరి తడిపితే జావ, జావను కాలిస్తే రొట్టె, జావను మరిచిపోతే పులుపు. మూడూ ఒకే పొయ్యి దగ్గర పుట్టినవే. ఇందులో ఏది ముందన్నది తేల్చాల్సిన అవసరం నాకైతే కనిపించదు. పండగ నాటికి బీరు కావాలనుకున్నవాళ్లు రెండు గింజలు ఎక్కువ చల్లి ఉంటారని మాత్రం నమ్ముతాను.

సుమేరియన్లు బీరును గొట్టాలతో ఎందుకు తాగేవారు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది.

సుమేరియన్లు కుండలోంచి తాగే బీరు చాలావరకు వడకట్టినది కాదు. పైన పొట్టు తేలుతూ ఉండేది, అడుగున మడ్డి ఉండేది. మధ్యలో ఉన్న మంచి ద్రవం అందాలంటే పొడవాటి రెల్లు గొట్టం కావాలి. వాళ్లు బతికిన ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో దొరికిన చిన్న చిన్న ముద్రల మీద ఈ దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మధ్యలో పెద్ద కుండ, చుట్టూ కూర్చున్న మనుషులు, ఒక్కొక్కరి నోట్లో ఒక్కో గొట్టం. ఊర్ నగరపు రాజసమాధులు సుమారు 4,500 ఏళ్ల నాటివి. వాటిలో పువాబి రాణి సమాధిలో విలువైన లోహాలతో చేసిన తాగే గొట్టాలు దొరికాయి. పొలంలో పనిచేసేవాడికి రెల్లు, రాణికి లోహం. తాగే పద్ధతి మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఆ అలవాటు సుమేరియన్లతోనే పోలేదు. రెండు వేల ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 401 - 400 చలికాలంలో గ్రీకు సేనానాయకుడు జెనోఫోన్ తన సైన్యంతో ఆర్మేనియా కొండల్లో వెళ్తూ అక్కడి పల్లెల్లో ఇదే చూశాడు. పెద్ద పాత్రల్లో బార్లీ పానీయం, పైన తేలే గింజలు, పీల్చడానికి కణుపుల్లేని రెల్లు గొట్టాలు. నీళ్లు కలపకపోతే చాలా ఘాటుగా ఉందనీ, అలవాటైతే బాగానే ఉంటుందనీ ఆయన రాసిపెట్టాడు.

సుమేరియన్లకు బీరు కోసమే ఒక దేవత ఉంది. పేరు నిన్కాసి. ఆమెను కీర్తిస్తూ సుమారు క్రీ.పూ. 1800 ప్రాంతంలో మట్టి పలకల మీద రాసిన స్తోత్రం దొరికింది. అందులో గింజ నానబెట్టడం దగ్గర్నుంచి తయారైన బీరును పాత్రలోకి ఒంపడం దాకా పనులన్నీ వరసగా వస్తాయి. వడకట్టిన బీరు ధారను టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల పరవళ్లతో పోల్చారు. రోజూ చేసే పనిని పాటగా కట్టుకుంటే మర్చిపోకుండా ఉంటుందన్నది పాత కాలపు తెలివి. ఆ పాట మిగలబట్టే ఆ రుచి ఎలా ఉండేదో కొంతైనా ఊహించగలుగుతున్నాం.

ఇంకో మాట. ఉరుక్ నగరంలో దొరికిన సుమారు 5,000 ఏళ్ల నాటి మట్టి పలకల్లో కొన్నిటి మీద కుషిమ్ అనే పేరు ఉంది. అది వ్యక్తి పేరో, ఉద్యోగం పేరో చెప్పలేం. ఆ లెక్కలన్నీ బీరు తయారీకి కావలసిన బార్లీ గురించినవే. అది నిజంగా వ్యక్తి పేరే అయితే, రాతలో మిగిలిన మొదటి మనిషి పేర్లలో ఒకటి బీరు లెక్కలు చూసినవాడిది.

ఈజిప్టులో పిరమిడ్లు కట్టినవాళ్లకు కూలిగా బీరు ఇచ్చేవారట, నిజమేనా?

నిజమే. డబ్బు నాణేలు లేని కాలం అది. రొట్టె, బీరు రోజువారీ బత్తెంలో భాగం. అక్కడి బీరు చిక్కగా, పోషకాలతో ఉండేది, కాబట్టి దాన్ని సగం తిండి కిందే లెక్కేయాలి.

అబిదోస్‌లో తవ్వకాలు జరిపినవాళ్లు 2021లో ఒక పెద్ద బ్రూవరీ, అంటే బీరు కాచే కేంద్రం, సంగతి బయటపెట్టారు. నార్మెర్ రాజు కాలానిది, అంటే దాదాపు 5,000 ఏళ్ల నాటిది. ఎనిమిది భాగాలు, ఒక్కో భాగంలో సుమారు 40 మట్టి కాగులు. ఒక విడతకు 22,400 లీటర్లు కాచగలిగే ఏర్పాటని వాళ్ల అంచనా. ఇంత బీరు ఇంటి వాడకానికి కాదు. రాజుల సమాధుల దగ్గర జరిగే క్రతువుల కోసమని భావిస్తున్నారు.

ఈజిప్టు పురాణాల్లో బీరు మనుషుల ప్రాణం కాపాడిన కథ కూడా ఉంది. మనుషుల మీద కోపంతో సూర్యదేవుడు రా ఒక ఉగ్రదేవతను పంపుతాడు. ఆమె సంహారం ఆపదు. చివరికి ఆయనే భయపడి, బీరులో ఎర్రమట్టి రంగు కలిపి పొలాల నిండా పోయిస్తాడు. అది నెత్తురనుకుని ఆమె తాగేస్తుంది, మత్తులో శాంతిస్తుంది.

గ్రీకులు, రోమన్లు బీరును ఎందుకు చిన్నచూపు చూశారు?

వాళ్ల నేల ద్రాక్షకు అనువైనది. ఉత్తరాన చలిలో బతికేవాళ్లకు ద్రాక్ష పండదు, బార్లీ పండుతుంది. దాంతో ఏం తాగుతాడన్నది మనిషి ఎక్కడివాడో చెప్పే గుర్తయింది. 4వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జూలియన్ బీరు మీద ఒక చిన్న పద్యమే రాశాడు. వైన్‌ది అమృతం వాసన, బీరుది మేక వాసన అని అందులో తేల్చాడు. ఆయన తాగిన బీరు పాడైపోయిందేమోనని నా అనుమానం. సరిగ్గా నిలవచేయని బీరుకు అలాంటి వాసన వచ్చే అవకాశం ఉంది.

తాగడంలోని ఆనందాన్ని ఒక పద్ధతిలో పెట్టినవాళ్లలో గ్రీకులను మాత్రం తప్పక చెప్పుకోవాలి. సింపోజియం అనే వాళ్ల పానగోష్ఠిలో వైన్‌ను నీళ్లు కలపకుండా తాగడం అనాగరికం. ఆ రోజుకు పెద్దగా ఎంపికైన ఒకాయన ఎంత నీళ్లు కలపాలో చెప్పేవాడు. పాట, చర్చ, ఆట అన్నీ ఆ కలిపిన పాత్ర చుట్టూనే. ఒక హాస్యనాటక కవి ఈ పాత్రలను లెక్కపెట్టాడు. మొదటిది ఆరోగ్యానికి, రెండోది ప్రేమకూ ఆనందానికీ, మూడోది నిద్రకు. తెలివైనవాళ్లు అక్కడితో ఇంటికి వెళ్తారట. నాలుగో పాత్ర నుంచి గొడవలు మొదలై, పదో పాత్రకు పిచ్చి దాకా వెళ్తాయట. దాదాపు 2,400 ఏళ్ల కిందటి మాట ఇది.

మధ్యయుగాల్లో నీళ్లు మంచివి కాక అందరూ బీరే తాగేవారా?

ఈ మాట చాలాచోట్ల వినిపిస్తుంది కానీ అంతగా నిలబడదు. అప్పటి యూరప్ ప్రజలు బావులు, ఊటల నీళ్లు తాగారు. పట్టణాలు కాలువలూ గొట్టాలూ వేసి నీళ్లు తెప్పించుకున్నాయి. బీరు తాగింది దాహానికీ, ఒంట్లో బలానికీ, రుచికీ. కాచిన పానీయం కాబట్టి చెడ్డ నీటికంటే నయం, అంతవరకు నిజం. ఒకసారి వాడిన మాల్ట్‌నే మళ్లీ నానబెట్టి తీసిన పలుచటి బీరును రోజంతా తాగేవారు. అందులో ఆల్కహాల్ చాలా తక్కువ.

బీరు కాయడం ఒకప్పుడు ఆడవాళ్ల పనేనా?

చాలాకాలం, చాలా దేశాల్లో అంతే. బీరు దేవత స్త్రీ. బాబిలోనియాలో పానశాల నడిపేది స్త్రీ. క్రీ.పూ. 18వ శతాబ్దపు హమ్మురాబి శాసనాల్లో పానశాల నడిపే ఆడవాళ్ల మీదే ప్రత్యేకంగా నియమాలు ఉన్నాయి. కొలతలో మోసం చేస్తే నీళ్లలో పడేయడం శిక్ష. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఇంట్లో ఏల్ అనే హాప్స్ లేని బీరు కాచి, మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లకు ఇది చేతిలో నాలుగు డబ్బులు ఆడే దారి.

మరి వాళ్ల చేతిలోంచి ఎలా జారింది? హాప్స్ లేని ఏల్ నాలుగు రోజుల్లో పులిసిపోతుంది, కాబట్టి కొంచెం కొంచెం కాచి అక్కడికక్కడే అమ్మాలి. ఆ పని ఇంటి పొయ్యి మీద సాగుతుంది. హాప్స్ వేసిన బీరు నెలల తరబడి నిలవ ఉంటుంది, దూరం పంపొచ్చు. దాంతో పెద్ద కాగులు, పెద్ద పెట్టుబడి, అప్పులు, వృత్తి సంఘాలు వచ్చాయి. అప్పు పుట్టడం, సంఘంలో చోటు దొరకడం ఆ రోజుల్లో మగవాళ్లకే సాధ్యం. 16వ శతాబ్దం వచ్చేసరికి పట్టణాల్లో ఈ పని చాలావరకు చేతులు మారింది. ఇళ్లలో మాత్రం ఆగలేదు. జర్మన్ క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ భార్య కాథరీనా ఇంట్లో కాచిన బీరును ఆయన ఎంతో మెచ్చుకునేవాడు. ఆడవాళ్ల నైపుణ్యాన్ని పక్కకు నెట్టిన ఈ సంగతి బీరు చరిత్రలో నన్ను బాధపెట్టే ఘట్టం.

బీరు చేదుగా ఎందుకుంటుంది? హాప్స్ ఎప్పుడొచ్చాయి?

హాప్స్ తీగకు కాసే పచ్చటి పువ్వుల్లో పసుపు రంగు పొడి ఉంటుంది. అందులోని ఆల్ఫా ఆమ్లాలు మరిగినప్పుడు మారి చేదునిస్తాయి. మాల్ట్ తీపికి ఆ చేదు అడ్డుకట్ట. ఆ ఆమ్లాలే బీరును పులిసేలా చేసే చాలా రకాల బాక్టీరియాను పెరగనివ్వవు.

అంతకు ముందు యూరప్‌లో గ్రూట్ అనే మూలికల మిశ్రమం వేసేవారు. బీరు తయారీకి సంబంధించి హాప్స్ ప్రస్తావన క్రీ.శ. 822లో ఫ్రాన్స్‌లోని కోర్బీ మఠం నియమాల్లో కనిపిస్తుంది. 12వ శతాబ్దంలో జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ హాప్స్ చేదు పానీయాలను చెడిపోకుండా ఆపుతుందని రాసింది. ఇంగ్లండ్‌కు అది అలవాటవడానికి 15వ శతాబ్దం రావాల్సి వచ్చింది. అక్కడ చాలాకాలం హాప్స్ లేనిది ఏల్, హాప్స్ ఉన్నది బీరు.

1516 నాటి జర్మన్ బీరు శుద్ధి చట్టం ఎందుకు వచ్చింది?

బవేరియా ప్రభువులు నాలుగో విల్‌హెల్మ్, పదో లుడ్విగ్ 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో దీన్ని ప్రకటించారు. బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదన్నారు. ఈస్ట్ పేరు లేదు, అప్పటికి అదొక ప్రాణి అని ఎవరికీ తెలియదు. గోధుమలు రొట్టెకు మిగలాలన్నది ఒక కారణం, ధరలు అదుపులో ఉంచడం ఇంకో కారణం. అసలు ఆ శాసనంలో ఎక్కువ భాగం ధరల గురించే. 1906లో ఇది జర్మనీ అంతటికీ వర్తించింది. నాణ్యతకు ఇది మేలు చేసిందని ఒప్పుకుంటాను. అదే సమయంలో మూలికలతో, పండ్లతో చేసే ఎన్నో స్థానిక రుచులు దీనివల్ల కనుమరుగయ్యాయి.

ఏల్, లాగర్ తేడా ఏమిటి?

ఇప్పటి వాడుకలో రెండిటిలోనూ హాప్స్ ఉంటాయి. తేడా రంగులో లేదు, ఈస్ట్‌లో ఉంది. ఏల్ ఈస్ట్ సుమారు 15 నుంచి 24 డిగ్రీల వేడిలో చురుగ్గా పనిచేసి, పండ్ల వాసనలూ మసాలా వాసనలూ ఇస్తుంది. లాగర్ ఈస్ట్ 7 నుంచి 13 డిగ్రీల చలిలో మెల్లగా పనిచేస్తుంది. తర్వాత సున్నాకు దగ్గరగా వారాల తరబడి నిలవ ఉంచుతారు. జర్మన్ భాషలో లాగర్ అంటే గోదాము. అలా నిలవ ఉన్న బీరు శుభ్రంగా, గరుకు లేకుండా ఉంటుంది.

దీని వెనక కథ బాగుంటుంది. వేసవిలో కాచిన బీరు చెడిపోతోందని 1553లో బవేరియాలో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయడం నిషేధించారు. చలికాలంలోనే కాస్తే చలికి తట్టుకునే ఈస్టే బతుకుతుంది. ఆ లాగర్ ఈస్ట్ రెండు జాతుల సంకరం. ఒక జాతి మనకు తెలిసిన ఏల్ ఈస్టే. రెండోది ఎక్కడిదో చాలాకాలం తెలియలేదు. 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో బీచ్ అనే జాతి చెట్ల బుడిపెల మీద అది దొరికింది.

ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా తాగే బంగారు రంగు లాగర్ మాత్రం చెక్ దేశంలోని పిల్సెన్‌లో పుట్టింది. 1838లో ఆ ఊరివాళ్లు బీరు బాగోలేదని కోపంతో 36 పీపాలు పురపాలక భవనం ముందే ఒలకబోశారు. తర్వాత తామే కలిసి కొత్త బ్రూవరీ కట్టుకుని, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే నిపుణుణ్ని పిలిపించారు. ఆయన 1842 అక్టోబరు 5న మొదటి విడత కాచాడు. లేతగా ఆరబెట్టిన మాల్ట్, లవణాలు చాలా తక్కువగా ఉన్న అక్కడి నీళ్లు, జాటెట్స్ ప్రాంతపు సువాసన హాప్స్ కలిసి అప్పటిదాకా చూడని తేటదనం ఇచ్చాయి. గాజు గ్లాసులు వాడుకలోకి వస్తున్న రోజులు కూడా కలిసొచ్చాయి. మట్టి ముంతలో కనపడని రంగు గాజులో మెరిసింది.

నల్ల బీరు ఎక్కువ మత్తునిస్తుందా?

లేదు. నలుపు వేయించిన గింజ వల్ల వస్తుంది, ఆల్కహాల్ వల్ల కాదు. 1817లో డేనియల్ వీలర్ అనే ఇంగ్లీషాయన గింజను మాడకుండా నల్లగా వేయించే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. కొద్దిపాటి నల్ల మాల్ట్‌తోనే రంగు, కాఫీలాంటి రుచి వస్తాయి. నల్లటి స్టౌట్లలో కొన్ని 4 శాతం దగ్గరే ఉంటాయి. లేత రంగు బెల్జియం బీర్లు కొన్ని 8, 9 శాతం దాటతాయి. సీసా మీద అంకె చూడండి.

ఇండియా పేల్ ఏల్ ఓడల ప్రయాణం తట్టుకోవడానికే కనిపెట్టారా?

హాప్స్ ఎక్కువ వేసిన లేత రంగు ఏల్‌ను 18వ శతాబ్దం చివర్లో లండన్‌లోని హాడ్జ్‌సన్ బ్రూవరీ భారత్‌కు పంపేది. 1820లలో ఇంగ్లండ్‌లోని బర్టన్ పట్టణపు బ్రూవరీలు రంగంలోకి దిగాయి. అక్కడి నీటిలోని జిప్సం హాప్స్ చేదును పదునుగా చూపిస్తుంది. అయితే పోర్టర్ అనే నల్లటి బీరు కూడా అదే ఓడల్లో క్షేమంగానే చేరేది. కాబట్టి ఓడ కోసమే పుట్టిన బీరు అనడం కంటే, ఓడ ప్రయాణంలో బాగుపడి పేరు తెచ్చుకున్న బీరు అనడం సరైనది.

బీరు వల్ల శాస్త్రానికి ఏమైనా లాభం కలిగిందా?

చాలా. లూయీ పాశ్చర్ బీరు ఎందుకు చెడుతుందో పరిశోధించి 1876లో పుస్తకమే వేశాడు. 1883లో డెన్మార్క్ బీరు సంస్థ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. ఆ ఈస్ట్‌ను సంస్థ మిగతా బ్రూవరీలకూ పంచింది. ఆ పెద్దమనసు నాకు ఎప్పటికీ నచ్చుతుంది. అదే ప్రయోగశాలలో సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ కొలమానం ప్రవేశపెట్టాడు. బడిలో రసాయనశాస్త్రం చదివిన ప్రతివాళ్లకూ అది తెలుసు. ఐర్లండ్ బీరు సంస్థ గిన్నిస్‌లో పనిచేసిన విలియం గాసెట్ తక్కువ నమూనాలతో నమ్మకమైన లెక్క ఎలా కట్టాలో 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో ప్రచురించాడు. ఇవాళ్టికీ గణాంకశాస్త్రంలో అది పునాది పాఠం. జర్మన్ ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండె తయారుచేసిన శీతల యంత్రాలను మొదట వాడుకున్నవాళ్లలో మ్యూనిక్ బ్రూవరీలే ముందున్నాయి. మంచుగడ్డల కోసం చలికాలం దాకా ఎదురుచూసే బాధ వాటితో తప్పింది.

గ్లాసులో నురగ ఉండాలా? అది మోసం కాదా?

ఉండాలి. గింజలోని ప్రొటీన్లు, హాప్స్ చేదు పదార్థాలు కలిసి బుడగల చుట్టూ పొరలా నిలబడతాయి. ఆ నురగ పగులుతూ వాసనను ముక్కుకు చేరుస్తుంది. రెండు వేళ్ల మందం చాలు. నురగ వెంటనే కుప్పకూలుతోందంటే గ్లాసుకు జిడ్డు ఉందని అర్థం. సీసాతో నేరుగా తాగితే వాసన సగం పోతుంది, కాబట్టి వీలైనప్పుడల్లా గ్లాసులో పోసుకోండి.

సీసాను ఎండలో పెడితే ఏమవుతుంది?

ఒకసారి స్నేహితుల కోసం ఎంతో వెతికి తెచ్చిన ఆకుపచ్చ సీసాను కిటికీ దగ్గర పెట్టి మర్చిపోయాను. సాయంత్రం మూత తీయగానే గది నిండా ఘోరమైన వాసన. ఆ బాధ ఇంకా గుర్తుంది. వెలుతురు తగిలితే బీరులోని రైబోఫ్లేవిన్ అనే విటమిన్ హాప్స్ పదార్థాలను విడగొడుతుంది, గంధకం ఉన్న ఒక సమ్మేళనం పుడుతుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పసిగట్టేస్తుంది. గోధుమ రంగు సీసా చాలావరకు కాపాడుతుంది. ఆకుపచ్చది అంతగా కాపాడదు, తెల్ల సీసా అసలు కాపాడదు. డబ్బాలోకి వెలుతురే పోదు.

ఎంత చల్లగా తాగాలి?

లేత లాగర్ 4 నుంచి 7 డిగ్రీలు, ఏల్, స్టౌట్ 8 నుంచి 13 డిగ్రీలు. మరీ గడ్డకట్టేంత చల్లగా తాగితే నాలుక మొద్దుబారి రుచి తెలియదు.

తాగితే అసలు ఎందుకు బాగుంటుంది?

దాదాపు కోటి ఏళ్ల కిందట మన, చింపాంజీల, గొరిల్లాల ఉమ్మడి పూర్వీకుల్లో ఒక ఎంజైము మారి, ఆల్కహాల్‌ను అంతకుముందుకంటే సుమారు 40 రెట్లు చురుగ్గా విడగొట్టగలిగిందని 2014లో ఒక పరిశోధన తేల్చింది. చెట్లు దిగి నేలమీద రాలి పులిసిన పండ్లు తినడం మొదలైన కాలం కావచ్చు. మెదడులో ఆల్కహాల్ ఆందోళనను తగ్గించే గాబా వ్యవస్థకు బలమిస్తుంది, డోపమైన్‌నూ ఎండార్ఫిన్లనూ విడుదల చేయిస్తుంది. టెన్షన్ సడలుతుంది, మాట తేలికవుతుంది.

రసాయనం ఒక్కటే చెబితే సగం చెప్పినట్టే. తోడు కూర్చున్నప్పుడు నవ్వు, పాట, మాట కూడా ఎండార్ఫిన్లను పెంచుతాయి. బీరులో ఆల్కహాల్ తక్కువ, నీళ్లు ఎక్కువ. ఒక గ్లాసు అయ్యేలోపు ఒక కథ చెప్పుకోవచ్చు. ఈ నిదానమే దాని గొప్పతనమని నా నమ్మకం. అది తప్పినప్పుడు ఏమవుతుందో లండన్ చూసింది. 18వ శతాబ్దం మొదటి సగంలో జిన్ అనే చవక ఘాటు మద్యం ఆ నగరంలోని పేదలను పీల్చి పిప్పిచేసింది. 1751లో హోగార్త్ అనే చిత్రకారుడు రెండు బొమ్మలు గీశాడు. జిన్ వీధిలో చావులు, బీరు వీధిలో నిండైన మనుషులు. అది ప్రచారం కోసం గీసిన బొమ్మే, అయినా బాధ నిజం. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్నప్పుడూ ఇలాంటిదే జరిగింది. దొంగచాటుగా మోయడానికి పీపాడు బీరుకంటే చిన్న సీసాడు ఘాటు మద్యమే సులువు. దాంతో తాగేవాళ్లు బీరు వదిలి ఘాటు మద్యం వైపు మళ్లారు.

ఆరోగ్యానికి మంచిదా?

కాదు. ఎవరైనా మంచిదని చెబితే నమ్మకండి. ఆల్కహాల్ పానీయాలు క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. పూర్తిగా సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. 5 శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల బీరులో సుమారు 13 గ్రాముల ఆల్కహాల్, 140 దాకా క్యాలరీలు ఉంటాయి. ఆ ఆల్కహాల్‌ను వదిలించుకోవడానికి కాలేయానికి గంటకు పైగానే పడుతుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం దాన్ని వేగం చేయలేవు. ఏదైనా తిని తాగితే ఒంట్లోకి చేరే వేగం తగ్గుతుంది.

గర్భిణులు, బండి నడిపేవాళ్లు, మందులు వాడేవాళ్లు తాగకూడదు. ఇంతవరకు అలవాటు లేనివాళ్లు ఈ పేజీ చదివి మొదలుపెట్టనక్కర్లేదు. ఒంటరిగా తాగాలనిపించడం, ఉదయమే కావాలనిపించడం, మానేస్తే చేతులు వణకడం కనిపిస్తే డాక్టర్‌ను కలవండి. బాగా అలవాటైనవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, అందుకే వైద్యుల పర్యవేక్షణ అవసరం. నాకు ప్రియమైన ఒక మిత్రుడు ఆ దారిలో చాలా కష్టపడి బయటపడ్డాడు. ఇప్పుడు మాతో కూర్చుంటాడు, గ్లాసులో వేరేది పోసుకుంటాడు.

ఆల్కహాల్ లేని బీరు ఎలా చేస్తారు?

మామూలుగా కాచిన బీరును పీడనం తగ్గించి తక్కువ వేడి మీద ఆల్కహాల్ ఆవిరయ్యేలా చేయడం ఒక పద్ధతి. సన్నని పొరల గుండా వడకట్టడం రెండోది. చక్కెరను పూర్తిగా తినని ప్రత్యేక ఈస్ట్ వాడడం ఇంకోటి. చాలా దేశాల్లో 0.5 శాతం దాకా ఉన్నదాన్ని కూడా ఈ పేరుతో అమ్ముతారు, కాబట్టి పూర్తిగా మానేసినవాళ్లు 0.0 అని ఉందో లేదో చూసుకోవాలి. పదేళ్ల కిందటితో పోలిస్తే వీటి రుచి చాలా మెరుగైంది.

రకరకాల బీర్లు రుచి చూడాలంటే ఎలా మొదలుపెట్టాలి?

తేలికైనదాంతో మొదలుపెట్టి ఘాటైనదాంతో ముగించండి. ముందు పిల్స్‌నర్, అంటే పిల్సెన్ తరహా లేత లాగర్, తర్వాత అరటిపండు, లవంగం వాసనలొచ్చే గోధుమ బీరు, ఆ తర్వాత చేదు పేల్ ఏల్, చివర్లో స్టౌట్. బెల్జియం లాంబిక్ కూడా ఒకసారి తప్పక చూడండి. దానికి ఈస్ట్ కలపరు. కాచిన రసాన్ని పెద్ద తొట్టెల్లో రాత్రంతా తెరిచి ఉంచితే గాలిలోని ఈస్టే వచ్చి చేరుతుంది. పుల్లగా ఉంటుంది, మొదటి గుటకకు మొహం ముడుచుకుంటుంది, మూడో గుటకకు అర్థమవుతుంది.

గ్లాసును వెలుతురుకు ఎత్తి రంగు చూడండి, వాసన చూడండి, ఒక గుటక నోట్లో కాసేపు ఉంచి మింగండి. మధ్యమధ్య నీళ్లు తాగండి. అన్నీ ఒక్కరే తాగాల్సిన పని లేదు. ఒక్కో సీసా తెరిచి నలుగురికీ చిన్న గ్లాసుల్లో సమానంగా పోసి, ఎవరికి ఏ వాసన తోచిందో అడగండి. ఒకరికి తేనె, ఇంకొకరికి కాలిన రొట్టె, మరొకరికి తడి గడ్డి. ఆ మాటల్లో పడి గ్లాసు ఖాళీ అయిందని చాలాసేపటి దాకా ఎవరూ గమనించరు.